కార్డిఫ్ తాయీ చెప్పిన చరిత్ర

కరోనా వచ్చిన ఏడు మార్చిలో మా అత్తమ్మ కంటి ఆపరేషన్ ఉందని మా ఆయన, మా బిడ్డ సిరిసిల్ల వెళ్లారు. నాలుగు రోజుల్లో తిరిగి రావాల్సినవాళ్లు. నేను వెళ్లలేదు. చీరల అంచులూ పూలూ కంప్యూటర్ మీద గీసి పవర్‌లూమ్‌లకు పంపించడం నా పని. పెళ్లిళ్ల సీజన్ డిజైన్లు అప్పుడే కావాలని మగ్గాల సేఠ్ ఒకటే తొందరపెడుతున్నాడు. వాళ్లు వెళ్లిన మూడో రోజు రైళ్లు ఆగిపోయాయి. ఆ తర్వాత మగ్గాలు ఆగాయి. అంత తొందరపెట్టిన సేఠ్ ఫోను ఎత్తడం మానేశాడు.

నేను సూరత్‌లో, తెలుగువాళ్లుండే గోడాదరాలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగినదాన్ని. పెళ్లయ్యాక తాపీ నది దాటి అమ్రోలికి వచ్చినా, మా ఇంటి వెనక సందులో మగ్గాలు ఆడుతూనే ఉండేవి. అవి ఆగేసరికి నా ఇంట్లో నా చెప్పుల చప్పుడు నాకే వినపడసాగింది. మా బిల్డింగులో ఎక్కువమంది వజ్రాలు సానబట్టే సౌరాష్ట్రవాళ్లు. వాళ్లు ఒక్కొక్కరే స్కూటర్ల మీద, టెంపోల మీద ఊళ్లకు వెళ్లిపోయారు. నెల తిరిగేసరికి మూడంతస్తుల మేడలో మిగిలింది ఇద్దరమే. రెండో అంతస్తులో నేను, కింద బెన్.

బెన్ అంటే గుజరాతీలో అక్క. పేరుతో పని లేకుండా అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. డెబ్బై దాటిన మనిషి. బడిలో ఇంగ్లిషు టీచరుగా చేసి రిటైరయింది. రైల్వేలో పని చేసిన భర్త పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. మేము అక్కడ చేరి నాలుగేళ్లయినా ఆమెతో నా పరిచయం "కేమ్ ఛో" అనే పలకరింపు దగ్గరే ఆగిపోయింది. ఆమెను కొందరు పార్సీ అనుకునేవారు, కొందరు క్రిస్టియన్ అనుకునేవారు. నేను ఏమీ అనుకోలేదు, అనుకునే తీరిక ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం మెట్ల దగ్గర నిలబడి ఆమె నన్ను కేకేసింది.

"బేటీ, నీకు టైపింగ్ వచ్చు కదా?"

"వచ్చు బెన్. కానీ నా ఇంగ్లిషు అంతంతమాత్రం."

"ఇంగ్లిషు నేను చూసుకుంటాను. నాకు వేళ్లు కావాలి." చెయ్యి పైకెత్తి చూపించింది. గాలికి ఊగే ఆకులా ఆ చెయ్యి వణుకుతోంది.

విషయం ఏమిటంటే, ఆమెకు ఒక అక్క ఉంది. అరవై ఏళ్ల కిందట నర్సుగా ఇంగ్లండు వెళ్లి, అక్కణ్నుంచి పక్కనే ఉన్న వేల్స్‌లో కార్డిఫ్ అనే ఊళ్లో స్థిరపడింది. అక్కడే పెళ్లి, అక్కడే వైధవ్యం, ఇప్పుడు అక్కడే వృద్ధాశ్రమం. చూపు పూర్తిగా తగ్గింది. ఆ ఊళ్లో ఉండే తమ వాళ్ల చరిత్ర రాయాలని ఆమె చాలా ఏళ్లుగా విషయాలు పోగుచేసింది. అంతా బుర్రలో ఉంది, కాగితం మీద లేదు. చెల్లెలు రాసిపెడతానంది, చెయ్యి సహకరించలేదు.

"మీవాళ్లంటే? మరాఠీవాళ్లా?" అన్నాను. ఆమె ఫోనులో మరాఠీ మాట్లాడటం మెట్లు దిగుతూ విన్నాను.

బెన్ నవ్వింది. "మేం యూదులం బేటీ. మాట్లాడేది మరాఠీయే."

ఎన్నడో పడవ పగిలి కొంకణ తీరానికి కొట్టుకొచ్చినవాళ్ల సంతతి తామని వాళ్ల పెద్దలు చెప్పుకునేవారట. ఒకప్పుడు సూరత్‌లో కూడా వేరే యూదులు ఉండేవారట. బాగ్దాద్ నుంచి వచ్చిన వర్తకులు. రేవు వ్యాపారం బొంబాయికి తరలినప్పుడు వాళ్లూ తరలిపోయారు. కతర్‌గామ్ వైపు ఎక్కడో వాళ్ల సమాధులున్నాయని విని ఒకసారి భర్తతో కలిసి వెళ్లి వెతికిందట, ఏ సందులో ఉన్నాయో తెలుసుకోలేకపోయారు. "ఇప్పుడు ఈ ఊళ్లో మావాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు" అంది, కూరలో ఉప్పు లేదన్నంత మామూలుగా.

మరుసటి రోజు నుంచి నేను లాప్‌టాప్ పట్టుకుని రోజూ నాలుగున్నరకు కిందికి దిగేదాన్ని. కార్డిఫ్‌లో అప్పుడు మధ్యాహ్నం పన్నెండు. బెన్ కుర్చీ గది లోపల, నా స్టూలు గుమ్మం దగ్గర, ఇద్దరికీ మాస్కులు, మధ్యలో బల్ల మీద స్పీకరు పెట్టిన ఫోను. మరాఠీలో అక్కను తాయీ అంటారు. నేనూ తాయీ అనే పిలిచాను. మా ముగ్గురి మాటలూ హిందీ, మరాఠీ, ఇంగ్లిషు కలగలుపుగా సాగేవి. తాయీ గొంతు వయసుకు మించి గట్టిగా ఉండేది. వార్డులో మందులు ఇచ్చే నర్సు గొంతు.

"మొదట వచ్చినవాళ్లు మూటలవాళ్లు" అని మొదలుపెట్టింది. సూదులు, దారాలు, అద్దాలు, చేతిగడియారాలు భుజాన వేసుకుని కొండల్లో బొగ్గు గనుల ఊళ్లన్నీ తిరిగేవారట. వారమంతా తిరిగి శుక్రవారం పొద్దు గుంకేలోపు ఎలాగైనా కార్డిఫ్ చేరుకునేవారట. శనివారం వాళ్లకు విశ్రాంతి దినం. తుండుగుడ్డలు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మిన మా తాత గుర్తొచ్చి, ఆ మాట టైపు చేయడం మానేసి తాయీకి చెప్పాను.

"మరి మీ తాతకు ఏ రోజు సెలవు?" అంది.

"జ్వరమొచ్చిన రోజు" అన్నాను. అక్కణ్నుంచి పెద్దగా నవ్వు వినిపించింది.

ఆ ఊళ్లో వాళ్లు ముందు సంపాదించుకున్నది గుడి కాదట, శ్మశానం. ఒక పెద్ద భూస్వామి ఊరి బయట కొంత నేల ఇచ్చాడట. నాకు వింతగా అనిపించి అడిగాను. "ప్రార్థన ఎవరింట్లోనైనా చేసుకోవచ్చు. పెళ్లి వాయిదా వేసుకోవచ్చు. శవాన్ని ఎక్కడ పెట్టుకుంటావు?" అంది తాయీ. తర్వాత అద్దె గదిలో ప్రార్థనలు, ఆ తర్వాత సొంత మందిరం. రేవు పెరిగింది, బొగ్గు ఓడలు పెరిగాయి, గడియారాలవాళ్లు, దర్జీలు, ఫర్నిచరువాళ్లు వచ్చారు. రష్యా వైపు నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని పేదవాళ్లు వచ్చారు. ముందొచ్చి కుదురుకున్నవాళ్లకు వాళ్ల భాష, వాళ్ల అరుపులు నచ్చలేదు. దాంతో ఒకటి కాస్తా రెండు మందిరాలయ్యాయి. హిట్లరు కాలంలో జర్మనీ నుంచి తప్పించుకు వచ్చినవాళ్లు కార్డిఫ్ దగ్గర్లో ఫ్యాక్టరీలు పెడితే, గనులు మూతపడి ఖాళీగా ఉన్న ఊరివాళ్లకు పని దొరికింది. తర్వాత పిల్లలు చదువుకుని లండన్ పోయారు, మాంచెస్టర్ పోయారు, ఇజ్రాయెల్ పోయారు. వాళ్ల పద్ధతిలో మాంసం కోసే దుకాణం మూతపడింది. పెద్ద మందిరం అమ్ముడుపోయి, ముందు గోడ మాత్రం ఉంచి వెనకంతా ఆఫీసులు కట్టారు.

నేను తప్పులు చేసేదాన్ని. బెన్ కళ్లజోడు సవరించుకుని, దూరం నుంచే మెడ సాచి నా స్క్రీను చూసి దిద్దేది. రెండు గంటలు అలా గడిచేవి. తర్వాత పైకి వచ్చి తలుపు వేసుకుంటే మళ్లీ అదే ఇల్లు. మా ఆయన ఫోను చేసేవాడు.

"ఏం జేస్తున్నవే? తిన్నవా?"

"తిన్న. బిడ్డ ఏది?"

"ఆడుకుంటుంది. ఒక్కదానివే ఎట్లుంటున్నవో ఏమో. బయటకు పోకు, జర పైలం."

"రైళ్లు ఎప్పుడిడుస్తరట?"

"ఎవ్వనికి ఎరుక?"

బిడ్డ ఫోను దగ్గరికి వచ్చేది, రెండు మాటలు చెప్పి పరుగెత్తేది. అక్కడ దానికి ఆడుకోవడానికి పిల్లల మంద ఉంది. కింద బెన్‌కు, ఎక్కడో ఉన్న తాయీకి టైపు చేస్తున్నానని మా ఆయనకు చెప్పాను. "మంచిదే, పొద్దు పోతది" అన్నాడు.

చరిత్ర దాదాపు చివరికొచ్చింది. ఎన్నో ఏళ్ల విషయాలు, ఎందరో పెద్దమనుషుల పేర్లు, ఎవరు ఏ గది కట్టించారో అంతా టైపు చేశాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"తాయీ, ఇందులో మీరెక్కడున్నారు?"

అడగకూడనిది అడిగానేమోనని బెన్ వైపు చూశాను. ఆమె కిటికీ వైపు చూస్తోంది.

"నేనా? వంటింట్లో ఉన్నాను" అని తాయీ ఫోను పెట్టేసింది.

మరునాడు "రాసుకో" అని తనే మొదలుపెట్టింది. కార్డిఫ్ ఆసుపత్రిలో చేరిన మొదటి శనివారం చీర కట్టుకుని, పైన కోటు వేసుకుని మందిరానికి వెళ్లిందట. ఎవరి కోసం వచ్చావని గుమ్మంలో ఒకావిడ అడిగింది. ప్రార్థన కోసమంటే ఆవిడ నమ్మలేదు. తాయీ చిన్నప్పుడు నేర్చుకున్న హీబ్రూ ప్రార్థన అక్కడే నిలబడి కొంకణపు రాగంలో చదివి వినిపించింది. లోపలికి రానిచ్చి వెనక వరసలో కూర్చోబెట్టారు. టీ తాగేటప్పుడు ఒకాయన దగ్గరికొచ్చి, మీవాళ్లు ఎప్పుడు మతం మారారని అడిగాడు.

"మరి మీరేమన్నారు?"

"మీవాళ్లు ఎప్పుడు మారారని అడిగాను."

బెన్ పకపకా నవ్వింది. ఈ కథ ఆమె ఎన్నోసార్లు విని ఉంటుంది. అయినా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. అడిగిన ఆ పెద్దమనిషి తమ్ముణ్నే తాయీ తర్వాత పెళ్లి చేసుకుంది. గడియారాలు బాగుచేసే మనిషి. పెళ్లయినా చాలా ఏళ్లపాటు ఆడవాళ్ల సంఘంలో ఆమెకు అప్పగించిన పని గిన్నెలు కడగడమే.

మూడు రోజులు ఇలా సాగింది. నాలుగో రోజు ఆమె గొంతు బొంగురుగా ఉంది. పక్క గదిలో ఎవరికో జ్వరమట, తనకూ కొంచెం దగ్గట. "రేపు మిగతాది చెబుతాను, అసలు సంగతి రేపే" అంది. మరునాడు ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. ఆ పై రోజు కూడా అంతే. అయినా నేను నాలుగున్నరకు దిగి స్టూలు మీద కూర్చునేదాన్ని. బెన్ ఫోను చేసేది, పెట్టేసేది, మళ్లీ చేసేది. ఆరో రోజు అక్కణ్నుంచే ఫోను వచ్చింది. వాళ్ల సంఘంలో శవసంస్కారాలు చూసే ఒకాయన. మాట చాలా మెత్తగా ఉంది. బెన్ అంతా నిలబడే వింది. చివర్లో ఇంగ్లిషులో ఒక ప్రశ్న అడిగింది. ఆయన ఏదో చెప్పాడు. అదే ప్రశ్న మళ్లీ అడిగింది. ఆయన మళ్లీ అదే చెప్పాడు. అప్పుడు ఫోను బల్ల మీద పెట్టి కూర్చుంది.

"స్నానం చేయించలేదట" అంది నాతో.

వాళ్లలో చనిపోయిన మనిషికి తమవాళ్లే పద్ధతిగా స్నానం చేయించి, తెల్లబట్టలు తొడుగుతారట. ఈ రోగం వల్ల ఆ ఏడు అది కుదరలేదు. శవాన్ని చుట్టిన సంచితో ఉన్నట్టే పెట్టెలో ఉంచి, తెల్లబట్ట పైన పరిచారట. బెన్ ఆ ఒక్క మాట దగ్గరే ఎందుకు ఆగిపోయిందో నాకు అప్పుడు అర్థం కాలేదు. ప్రాణమే పోయాక స్నానం సంగతేముంది అనుకున్నాను.

సంస్కారం మరునాడే. ఆయన ఫోను పట్టుకుని మాకు చూపించాడు. గడ్డి మొలిచిన కొండవాలు, గాలి హోరు, దూరంగా విడివిడిగా నిలబడ్డ నలుగురు మనుషులు. ఒకరి తర్వాత ఒకరు పారతో మట్టి పోశారు. ఫోను అటూ ఇటూ ఊగుతుంటే ఒకసారి ఆకాశం, ఒకసారి ఎవరిదో బూటు కనిపించింది. చనిపోయినవారి కోసం చదివే ప్రార్థనకు పదిమంది యూదు మగవాళ్లు ఉండాలట. అక్కడ పదిమంది లేరు. ఆ ప్రార్థన చదవలేదు.

"మన వీధిలో మగవాళ్లు పదిమంది దొరుకుతారు, నేను పిలుచుకొస్తాను" అన్నాను పిచ్చిదానిలా. బెన్ నా వైపు చూసింది. కోప్పడలేదు.

"కత్తెర ఉందా?" అంది.

తోబుట్టువు పోతే వేసుకున్న బట్టను మెడ దగ్గర, కుడి పక్కన చించుకోవాలి. చెయ్యి వణుకుతోంది కాబట్టి ముందు నన్ను కొంచెం కత్తిరించమంది. నెలన్నరగా మేం ఒకరినొకరు ముట్టుకోలేదు. నేను దగ్గరికి వెళ్లి జాకెట్టు అంచు పట్టుకున్నాను. సన్నటి తెల్ల నూలు బట్ట. మాది పద్మశాలీల ఇల్లు. బట్ట చినిగిందంటే మా అమ్మ అన్నం సహించక లేచిపోయేది. వేలెడంత కత్తిరించి చెయ్యి తీసేశాను. మిగతాది ఆమే రెండు చేతులా పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఆ చప్పుడుకు నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు.

ఏడు రోజులు ఆమె నేల మీద చిన్న పీట వేసుకుని కూర్చుంది. అద్దం మీద దుప్పటి కప్పింది. ఆ ఇంట్లో మొదటి పూట సొంత వంట తినకూడదు, ఇరుగుపొరుగు తేవాలి. మాలోనూ అంతే, చావింట పొయ్యి వెలిగించరు, చుట్టాలు అన్నం తెస్తారు. ఏం తేవాలని అడిగితే గుండ్రనివి ఏవైనా, గుడ్లూ పప్పూ అంది. మా బిల్డింగులో గుడ్డు ఉడికిస్తే మూడో అంతస్తు కాకా వాసన పట్టి తలుపు తట్టేవాడు. ఆయన ఇప్పుడు సొంతూరు భావనగర్‌లో ఉన్నాడు. రెండు సందుల అవతల మనవాళ్ల కిరాణా కొట్లో, సగం దించిన షట్టరు కింది నుంచి ఆరు గుడ్లు తెచ్చి ఉడకబెట్టాను. పెసరపప్పు, మెత్తటి అన్నం వండాను. ఆమె ఒక గుడ్డు తింది. ఇంకోటి నా వైపు జరిపింది. పరామర్శకు వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే.

ఎనిమిదో రోజు బెన్ మంచం కింది నుంచి ఒక సూట్‌కేసు లాగింది. అందులో తాయీ రాసిన నీలం రంగు విదేశీ ఉత్తరాలున్నాయి, అరవై ఏళ్లవి. "అధ్యాయం పూర్తి చేద్దాం" అంది. ఆమె చదివి చెబుతుంటే నేను టైపు చేశాను. వాటిలో దొరికింది తాయీ చెప్పకుండా పోయిన అసలు సంగతి.

ఒక చలికాలంలో మందిరానికి వచ్చే ఒక ముసలావిడ చనిపోయింది. స్నానం చేయించే ఆడవాళ్లు ఇద్దరూ జ్వరాలతో పడుకున్నారు. తాయీ నర్సు కదా, శవాలంటే భయం లేదు. నేను వస్తానంది. ఆ రోజు నుంచి ముప్పై ఏళ్లకు పైగా ఆ పని ఆమెదే అయింది. గుమ్మంలో నిలబెట్టి ఎవరి కోసం వచ్చావని అడిగినావిడకు కూడా ఆఖరి స్నానం చేయించింది తాయీయే. గోరువెచ్చటి నీళ్లు పోశాననీ, గోళ్లలో మట్టి తీశాననీ, జుట్టు చిక్కు విప్పాననీ, ఆవిడ పాదాలు అచ్చం మన అమ్మ పాదాల్లా ఉన్నాయనీ చెల్లెలికి రాసింది. ఆ పని బయటికి చెప్పుకోకూడదట, అందుకే ఆ ఊళ్లో చాలామందికి తెలియదు.

బెన్ చదవడం ఆపి ఉత్తరం మడిచింది. ఆ రోజు ఫోనులో రెండుసార్లు అడిగిన ప్రశ్న అప్పుడు నాకు అర్థమైంది.

ముగింపు దగ్గర మాకు చిన్న గొడవ అయింది. కార్డిఫ్‌లో అందరూ ఆమెను ప్రేమించారని రాయమంది బెన్. తాయీ అలా రాయదన్నాను. "ఆమె నా అక్క!" అని గట్టిగా అంది. "అందుకే" అన్నాను. ఆ రోజు పని ఆపేశాం. మరునాడు ఆమే ఆ వాక్యం తీసేయమని చెప్పింది. ఫైలును ఆ సంఘం పెద్దమనిషికి మెయిలు చేశాం. పది రోజులకు జవాబొచ్చింది. చివరి అధ్యాయాన్ని ఆయన కొందరికి పంపించాడట. తమ తల్లికి ఆఖరి స్నానం చేయించింది ఎవరో ఇన్నాళ్లూ తెలియదని ముగ్గురు ఆడవాళ్లు నాలుగేసి మాటలు రాశారు. బెన్ వాటిని నా చేత రెండుసార్లు చదివించుకుంది. మూడోసారి తనే చదువుకుంది.

ఆ తర్వాత రైళ్లు వదిలారు. మా ఆయన, బిడ్డ వచ్చారు. వెనక సందులో మళ్లీ మగ్గాలు మొదలయ్యాయి. సేఠ్ మళ్లీ తొందరపెట్టడం మొదలుపెట్టాడు. సాయంత్రాలు బిడ్డ ఆన్‌లైన్ పాఠాలు, వంట, పని. మెట్లు దిగుతూ "బాగున్నారా బెన్" అనేదాన్ని, ఆమె చెయ్యి ఊపేది. రేపు కూర్చుంటానని చాలాసార్లు అన్నాను. దీపావళి అయ్యాక థానే నుంచి ఆమె భర్త అన్నగారి కొడుకు కారు తీసుకుని వచ్చాడు, తమతో ఉండమని. పది గంటలకు బయలుదేరుతున్నామని ముందు రోజే చెప్పింది. ఆ పొద్దున ఒక డిజైను మగ్గం మీద తప్పు పడుతోందని నన్ను పిలిపించారు. వచ్చేసరికి పదకొండున్నర. ఇంటికి తాళం ఉంది. నా కోసం గంటసేపు ఎదురుచూసిందట. ఫోను చేస్తే "పరవాలేదు బేటీ, పని పనే కదా" అంది. ఆ గొంతులో నిష్ఠూరం ఉంటే బాగుండుననిపించింది. లేదు.

మొదట వారానికోసారి మాట్లాడుకున్నాం, తర్వాత నెలకోసారి. ఆమెకు వినికిడి తగ్గింది, నేను చెప్పింది ఒకటైతే ఆమె జవాబిచ్చేది మరొకటి. రెండో ఏడు వానాకాలంలో థానేలో ఉండే ఆ అన్నగారి కొడుకే ఫోను చేశాడు. కరోనా కాదు, నిద్రలోనే పోయిందట, అప్పటికి వారమైందట. బెన్ ఆ రోజు అడిగిందే నేనూ అడిగాను.

"స్నానం?"

"చేయించారు. మా మందిరం ఆడవాళ్లు నలుగురు వచ్చారు. అంతా పద్ధతిగా జరిగింది" అన్నాడు. నేను ఎందుకు అడిగానో అతడు అడగలేదు.

ఫోను పెట్టి అక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాను. మా ఆయన టీ తాగుతూ తలెత్తాడు.

"ఎవరే? ఏమైంది?"

"కింద ఇంట్ల ఉండె జూడు... బెన్. చనిపోయిందట."

"కింద ఇంట్లనా?" అని కాసేపు ఆలోచించాడు. "ఎవరు, గా పార్సీ ఆమెనా?"

కాదని చెప్పబోయాను. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. "ఆ, ఆమెనే" అన్నాను.